ఙకారము పలికెడి దేశము



గడచిన నెల ఈ పుటలో నా వ్రాత కానరాలేదేమని మీలో పలువురు జాబులు వ్రాసితిరి. ఆరోగ్యము బాగుగనే యున్నది. దసరా సెలవులలో మేము భూటాను దేశమునకు పోయి వచ్చితిమి. బడిపంతులు భార్య విదేశయాత్ర చేసెనన్నచో ఇరుగుపొరుగువారికి కొంత ఆశ్చర్యమును, కొంత అనుమానమును కలుగుట సహజము. కావున ముందు లెక్క చెప్పెదను. మనదేశస్థులకు పాస్‌పోర్టు గాని, ఓటరు గుర్తింపుకార్డు గాని యున్నచో చాలును. పెద్దవారికి రాత్రికి తలకు 1200 రూపాయలును, ఆఱేండ్లు మొదలు పన్నెండేండ్లలోపు పిల్లలకు అందులో సగమును ఆ ప్రభుత్వమునకు సుంకము చెల్లింపవలెను. మేమిద్దఱము, పదేండ్ల మా అమ్మాయి, అయిదు రాత్రులు: 15000 రూపాయలు సుంకమునకే పోయినవి. అది గాజుల జత యొకటి చేయించుకొనవలెనని నేను కూడబెట్టిన సొమ్ము. గాజులు మఱుసటి యేటికి చూచుకొందును.

ఏమేమి చూచితిరని అడిగినవారికి మావారు తీసిన ఛాయాచిత్రములు చూపుచున్నాను. పులిగుహ యను పేరుగల పారో తక్‌సాంగ్ మఠము కొండచఱియను పట్టుకొని వ్రేలాడుచున్నట్లుండుట, తండ్రియేఱు ఫోఛు, తల్లియేఱు మోఛు కలిసెడి చోట పునాఖా కోట నిలిచియుండుట అందు చక్కగా కనబడును. చెవులతో విన్నదానికి ఛాయాచిత్రము లేదు గదా! అదియే ఇచట వ్రాయుచున్నాను.

ప్రయాణమునకు నెల ముందే మావారు అచ్చటి అక్షరములను ఒక కాగితముపై వ్రాసి వంటయింటి గోడకు అంటించిరి. ఆ లిపి టిబెట్టు లిపి. మన లిపివలెనే బ్రాహ్మీ సంతతిలోనిది. ఏడవ శతాబ్దమున తోన్మి సంభోటుడను నతడు మన దేశమునకు వచ్చి చదువుకొనిపోయి దానిని కూర్చెనని వారి పరంపర చెప్పును. క, ఖ, గ, ఙ. చ, ఛ, జ, ఞ యని వరుస మన గుణింతముల పుస్తకము విప్పినట్లే యుండును. ఘ, ఝ మొదలగునవి మాత్రము లేవు, టవర్గమును లేదు. మా అమ్మాయికి అక్షరాభ్యాసమైన క్రొత్తలో ‘ఙతో నొక మాట చెప్పు’మని పట్టుపట్టెను. వాఙ్మయమంటిని. ‘మొదట రావలె’ననెను. కావ్యములు చదువుకొన్నదాననని నాకు లోలోపల కొంత గర్వము కలదు, ఆనాడది అణగెను.

భూటాను రాజభాషయగు జోంఖాలో ‘ఙ’ యనగా ‘నేను’. అయిదు అనుటకును ‘ఙ’యే, కంఠస్వరము హెచ్చించి పలుకుదురు. రెండు అనుటకు ‘ఞి’. వారి నాణెము పేరు ఙుల్ట్రుమ్. వెల మన రూపాయితో సమానము. మన పలకపై పనిలేక కూర్చుండిన అక్షరమునకు ఆ దేశమున తన్ను తాను చెప్పుకొను పని దొఱకినది. దానిని పలుకుటకు మా అమ్మాయికి ఒక్క పూట పట్టినది. నాకు నాలుగు దినములు పట్టినది.

థింఫూలో మేము దిగినది అతిథులకు రెండు గదులు అద్దెకిచ్చు నొక గృహము. ఆ యింటి యిల్లాలు, ఆమె తల్లి, ఆమె భర్త, మా అమ్మాయి యీడు కూతురు: ఇది కుటుంబము. ఇల్లాలికి హిందీ వచ్చును. నేనును హిందీ ప్రచారసభ పరీక్షలు వ్రాసినదాననే కనుక మా యిద్దఱకు మాటలు సాగినవి. ముసలమ్మగారికి జోంఖా తప్ప మఱియొకటి రాదు. తొలిసాయంకాలము ఆమె స్వయముగా వెన్నయు ఉప్పును వేసి చిలికిన తేనీరు, సుజా యందురు, నా చేతికిచ్చెను. నేను కాగితము జ్ఞప్తికి తెచ్చుకొని ‘కాదిన్ఛే’ యంటిని. కృతజ్ఞతను తెలుపు మాట అది. ముసలమ్మగారు నవ్విరి గాని, మనుమరాలు నా ప్రక్కకు జరిగి, మెల్లగా ‘లా’ యనెను.

ఆ ‘లా’ లోపించుటయే నా తప్పు. అది మన ‘అండి’. మాట చివర అది చేర్చనిదే పెద్దలతో పలుకరు. కలిసినపుడు ‘కుజుజంగ్పో లా’ యందురు. కుజు యనగా శరీరము, జంగ్పో యనగా మంచిది. దేహము కుశలమేనా యన్నమాట. అందును పెద్దల దేహమునకు గౌరవవాచకము వేఱుగా నున్నది. మనము పిల్లవాడు తినెననియు, పెద్దలు భోజనము చేసిరనియు, దేవుడు ఆరగించెననియు అనుట లేదా? అట్లే. ఇంగ్లీషు మాటాడునపుడు సయితము వారు ‘యెస్ లా’, ‘థాంక్యూ లా’ యందురు. మన బ్యాంకులలోని ఆడపిల్లలు ‘ఓకే అండి’ యనుట వినునపుడు నేను విసుగుకొనెడిదానను. ఇకమీదట విసుగుకొనను.

మఱియొక మాట మీకు తప్పక చెప్పవలెను. ఎవరైన తినుబండారము పెట్టబోయినచో వెంటనే చేయి చాపరాదు. చేతితో నోరు కప్పుకొని ‘మెషు మెషు’ యనవలెను. రెండవసారి, మూడవసారి బలవంతపెట్టిన పిమ్మట పుచ్చుకొనవలెను. ఇది విని నేను పకపక నవ్వితిని. పేరంటమునకు పోయి ‘ఇప్పుడే తిని వచ్చితి నమ్మా, వద్దు’ అనుచునే విస్తరి ముందు కూర్చుండు మనకు ఈ పాఠము వేఱే నేర్పవలయునా! మా అమ్మాయికి మాత్రము నేర్పవలసివచ్చెను. ‘ఆకలిగా నున్నపుడు వద్దనుట అబద్ధము కాదా’ యని దాని ప్రశ్న.

భోజనమున మిరపకాయ వారికి సంబారము కాదు, కూరగాయ. పచ్చిమిరపకాయలను నిలువున చీల్చి జున్నుగడ్డతో ఉడికింతురు. ఎమ యనగా మిరప, దాత్షి యనగా జున్ను, కలిపి ఎమదాత్షి. దానితో పారో లోయలో పండిన ఎఱ్ఱబియ్యపు అన్నము. గుంటూరు మిరప తిన్న నోరు గదా యని మావారు ధైర్యముగా మొదటి ముద్ద పెట్టుకొనిరి. తరువాత చాలసేపు మాటాడలేదు. బంగాళాదుంపలతో చేసిన కేవదాత్షి మాకు బాగుగా రుచించినది. భోజనానంతరము దోమ యిత్తురు. తమలపాకు, వక్క, సున్నము: అది మన తాంబూలమే. వక్క మాత్రము మాగినది, వాసన ఘాటుగా నుండును. తాంబూలపళ్ళెము చూచినంతనే నా బెరకంతయు పోయినది.

ఆ యింటి అల్లుడు ఇల్లరికము వచ్చినవాడు. ఇందు దాచుటకు గాని, జాలిపడుటకు గాని ఏమియు లేదు. పశ్చిమ, మధ్య భూటానులలో ఇల్లు, పొలము తఱచుగా కూతురికి సంక్రమించును. పెండ్లియైన మగవాడు భార్య యింటికి వచ్చును. చట్టము కొడుకులకును కూతుండ్రకును సమభాగమే చెప్పుచున్నదట. ఇంటిపేర్లు వారిలో లేవు. లామా పెట్టిన రెండు పేర్లే జీవితాంతము నిలుచును. అందు పలుపేర్లు స్త్రీపురుషుల కిద్దఱకును చెల్లును. పెండ్లితో మా యింటిపేరు మారునని నేను చెప్పగా ఆమె కొంతసేపు ఆలోచించి ‘అట్లయిన మునుపటి పేరుతో వచ్చిన ఉత్తరములు ఎవరికి చేరును?’ అని అడిగెను. నాకు మా పుట్టినిల్లు జ్ఞప్తికి వచ్చెను. ఏమియు చెప్పలేదు.

మఱునాడు నేతబట్టల అంగడికి పోయితిమి. ఒక యువతి నడుమునకు పట్టెడ కట్టుకొని మగ్గము ముందు కూర్చుండి కీరా నేయుచుండెను. కీరా యనగా స్త్రీలు చుట్టుకొను నిడుపాటి వస్త్రము. పట్టుతో బుటాలు దిద్దిన కుషుతారా యను రకము నేయుటకు నెలలు పట్టును. ఆ పిల్ల తూర్పు ప్రాంతమువారిది. నన్ను చూచి ‘అన’ యని పిలిచెను. మావారిని ‘అట’ యనెను. నన్ను అన్నను చేసి, వారిని అత్తను చేసితివా యని నేను నవ్వాపుకొనలేకపోతిని. తూర్పువారి త్సాంగ్లా భాషలో అన యనగా అక్కయట, అట యనగా అన్నయట! ఎనిమిది లక్షల జనము లేని దేశమున ఇరువది వఱకు భాషలు. తూర్పున నొకటి, బుమ్‌తాంగులో నొకటి, దక్షిణమున నేపాలీ. జోంఖా యను పేరునకు అర్థము కోటభాష. కోటలో పాలించినవారి మాట గనుక అది దేశభాష యయ్యెను.

ఇక నా మనస్సును ఇప్పటికిని వదలని సంగతి. మూడవనాటి రాత్రి పిల్లలిద్దఱును భోజనముల బల్ల యొద్ద ఇంగ్లీషులో గలగల మాటాడుకొనుచుండిరి. అక్కడ 1960 ప్రాంతముల నుండి చదువు ఇంగ్లీషుననే. జోంఖా యొక పాఠ్యాంశము మాత్రమే. ఆ పిల్ల జోంఖా పుస్తకము ముందు పెట్టుకొని కన్నీరు పెట్టుకొనినంత పని చేసెను. వ్రాసెడి అక్షరమునకు ముందొకటి, మీదొకటి చేర్చి పలుకకయే విడిచెడి వ్రాత యది, చాల కష్టము. ఇటీవలి కాలము వఱకు ఆ దేశమున పుస్తకములన్నియు ఛోకే యను శాస్త్రభాషలో, అనగా ప్రాచీన టిబెట్టు భాషలో నుండెడివి. నేనీ పుటలో వ్రాయు తెలుగును చూచి ‘ఇట్లెవరు మాటాడుదురమ్మా’ యని మా అమ్మాయి నవ్వును. కావున ఛోకే మీద నాకు కొంత పక్షపాతము కలదని ఒప్పుకొందును.

ముసలమ్మగారు మనుమరాలిని ఏదో అడిగిరి. ఆ పిల్ల తడబడి, చివరకు ఇంగ్లీషు అంకె చెప్పెను. మా అమ్మాయి కిసుక్కున నవ్వెను. అప్పుడు ఇల్లాలు, కోపములేకయే, ‘నీ భాషలో నీవు లెక్కింపుము, విందుము’ అనెను. అమ్మాయి హుషారుగా మొదలిడి ఇరవై తొమ్మిది వఱకు చెప్పి, ఒక్క క్షణమాగి, ‘ఇరవై పది’ యనెను. అర్థము తెలియని ముసలమ్మగారు బాగు బాగని తల యూపిరి. మావారు నా వైపు చూడలేదు. నేను వారి వైపు చూడలేదు. ఫీజులు కట్టి ఇంగ్లీషు బడికి పంపినవారము మేమిద్దఱమే గదా!

తిరుగుదారిలో సరిహద్దు పట్టణమైన ఫుంట్‌షోలింగులో ఒక చిన్న అంగడిలో ఎండుజున్ను కొంటిమి. అంగడి యామె కీరా కట్టుకొని, వచ్చిన వారినిబట్టి జోంఖా, హిందీ, బెంగాలీ మాటాడుచుండెను. ఫోనులో మాత్రము నేపాలీ. ఫోను పెట్టిన పిమ్మట ‘మా పిన్ని, అమెరికాలో నున్నది. ఆమె మనుమలు నా మాటలు అర్థము చేసికొనరు’ అనెను. అంతకు మించి నేను అడుగలేదు. రైలులో మావారు చెప్పిరి. 1975లో పొరుగునున్న సిక్కిము మన దేశమున కలియుట చూచిన ఆ చిన్న రాజ్యము తన వేషభాషలకై భయపడినది. 1989లో ఘో, కీరాలు అందఱును ధరింపవలెనని ఆజ్ఞ వచ్చెను. దక్షిణప్రాంతపు బడులలో నేపాలీ బోధన మానిపించిరి. 1990లో అలజడులు చెలరేగినవి. ఆ పిమ్మట సుమారు లక్షమంది తూర్పు నేపాలులోని శిబిరములకు చేరిరి. వారిలో పలువురు అనుమతిలేక వచ్చిచేరినవారని ప్రభుత్వమనెను. తరతరములుగా ఇచ్చటివారమేయని వారనిరి. 2008 మొదలు అత్యధికులు అమెరికా మున్నగు దేశములకు పోయిరి.

నాకు రాజనీతి తెలియదు. ముసలమ్మగారి ‘లా’ నిలువవలెనని నేను మనసార కోరుకొంటిని. దానిని నిలుపుటకని చేసిన పనులలో ఈ యంగడి యామె మాటకు బడి తలుపు మూయుటయు నొకటి. ఈ రెండును ఒక్క మనస్సులో పెట్టుకొని కూర్చుండుట నాకు కష్టముగనే యున్నది.

థింఫూ నుండి బయలుదేరునాడు ముసలమ్మగారు గుమ్మము వఱకు వచ్చి ‘లోగ్ జేగే’ యనిరి. మరల కలిసికొందమని దాని భావము. మనమును పోవుచున్నామనము, పోయివత్తు మందుము. ఆమె కొంగున ముడివేసి యిచ్చిన దోమ పొట్లము నా పెట్టెలో ఇంకను వాసన వేయుచున్నది.

కలకత్తా దాటిన తరువాత మా అమ్మాయి కిటికీ ప్రక్కన కూర్చుండి కరెంటు స్తంభములు లెక్కించుచుండెను. తెలుగుననే. ముప్పై తొమ్మిది దగ్గఱ ఆగి నా వంక చూచెను. నేను చెప్పలేదు. కొంతసేపటికి ‘నలభై’ యని తానే అనుకొని కిటికీ వైపు తిరిగెను. ఈలోపుగా ఎన్ని స్తంభములు వెనుకకు పోయినవో!