పిండి కొద్దీ రొట్టె

గేమింగ్ పీసీ కట్టుకోవాలి, ఏం కావాలి అని అడగండి. పదిమందిలో తొమ్మిదిమంది గ్రాఫిక్స్ కార్డు పేరు చెప్తారు. ఏ ఆట ఆడతారో చెప్పరు. ఇంట్లో ఎంతమంది ఉంటారో, ఎన్ని గదులు కావాలో తేల్చకుండా ముందు సింహద్వారం టేకుదా, మద్దిదా అని అడిగినట్టుంటుంది.

నేనుండేది మెల్‌బోర్న్‌లోని క్లేటన్‌లో. మొనాష్ యూనివర్సిటీ పెద్ద క్యాంపస్ ఇక్కడే కాబట్టి క్లేటన్ రోడ్డు మీద పది నిమిషాలు నిలబడితే తెలుగు వినబడకుండా ఉండదు. ఇంటికి ఐదుగురు చొప్పున అద్దెకుండే పిల్లలు. సెమిస్టర్ మొదలైన నెలకి వాళ్లలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, "అన్నా, ఒక పీసీ లిస్టు పంపుతా, చూస్తావా?" అని. సాఫ్ట్‌వేర్ వాడికి స్క్రూడ్రైవర్ కూడా వచ్చని లోకం నమ్మకం. నా విషయంలో అది కాస్త నిజమే. ఇంజినీరింగ్ రోజుల్లో సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్లో, మేమందరం సీటీసీ అనే ఆ భవనంలో, మెట్లెక్కీ దిగీ అసెంబుల్డ్ సిస్టమ్‌లు కొన్న తరం మాది. కొటేషన్ కాగితం పట్టుకుని పది షాపులు తిరగడం మాకు ఐచ్ఛికం కాదు, సిలబస్.

కిందటేడు జులైలో వచ్చిన లిస్టు గురించి చెప్తాను. పంపినవాడు ఖమ్మం పిల్లాడు, మాస్టర్స్ మొదటి ఏడాది. లిస్టులో రైజెన్ 7 9800ఎక్స్3డీ, ఆర్‌టీఎక్స్ 5070, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్, నీళ్లతో చల్లబరిచే కూలర్, రంగురంగుల దీపాలున్న అద్దాల క్యాబినెట్. అన్నీ కలిపి మూడు వేల డాలర్లు. అందులో రెండు విషయాలు నా కళ్లకి తగిలాయి. ఒకటి, ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం దుకాణంలో అన్నింటికన్నా చవకది పెట్టాడు. రెండు, మానిటర్ లేదు. "హాల్లో టీవీ ఉంది కదన్నా" అన్నాడు. అది 60 హెర్ట్జ్ టీవీ. అంటే లోపల కార్డు సెకనుకి మూడు వందల బొమ్మలు గీసినా అది చూపించేది అరవయ్యే. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడటం అంటే ఇదే.

"ఏం ఆడతావు?" అని అడిగాను. చదువుకి కూడా పనికొస్తుంది, మెషిన్ లెర్నింగ్ ఉంది అని మొదలుపెట్టాడు. అందరూ అక్కణ్ణుంచే మొదలుపెడతారు. కాసేపాగితే అసలు సంగతి వచ్చింది. ఖమ్మంలో ముగ్గురు, వరంగల్‌లో ఒకడు, బీటెక్ నాలుగేళ్లూ రాత్రిళ్లు కలిసి వాలరెంట్ ఆడిన జట్టు. వీడు విమానం ఎక్కిన దగ్గర్నుంచి వాళ్లు నలుగురే ఆడుతున్నారు. ఐదో స్థానంలోకి రోజుకో కొత్తవాడు వస్తున్నాడు. వీడు గదిలో పడుకుని ఫోన్‌లో వాళ్ల కబుర్లు వింటున్నాడు.

అప్పుడు లెక్క మార్చి చెప్పాను. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తరగతులు జరిగే రోజుల్లో పక్షానికి 48 గంటలే పనిచెయ్యాలి. 2025 జులై 1 నుంచి ఇక్కడి కనీస వేతనం గంటకి 24.95 డాలర్లు. లోడింగులూ పన్నులూ పక్కన పెడితే మూడు వేల డాలర్లంటే 120 గంటలు. అంటే రెండున్నర పక్షాలు కూరగాయల పెట్టెలు మొయ్యాలి, అదీ అద్దె కట్టకుండా, అన్నం తినకుండా. పిల్లాడు కాసేపు మాట్లాడలేదు. డాలర్లలో చూస్తే ధర, గంటల్లో చూస్తే నడుము నొప్పి. ఏ లిస్టునైనా ఒకసారి గంటల్లోకి మార్చి చూసుకోమని అందరికీ చెప్తాను.

ఇక ఆట సంగతి. వాలరెంట్ తేలికైన ఆట. సెకనుకి 144 ఫ్రేములు రావడానికి దాన్ని తయారుచేసిన రయట్ వాళ్లు సూచించిన కార్డు జీటీఎక్స్ 1050 టీఐ. అది 2016లో వచ్చిన కార్డు. దీనికోసం 5070 కొనడం చింతకాయలు కొట్టడానికి క్రేన్ తెప్పించడమే.

పైగా వాడి ఆటకి అడ్డం కార్డు కాదు, సముద్రం. మెల్‌బోర్న్ నుంచి ముంబై సర్వర్ దాకా గీత గీసినట్టు వెళ్లినా పదివేల కిలోమీటర్లకి కొంచెం తక్కువ. ఫైబర్ తీగలో వెలుగు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. వెళ్లి రావడానికి కలిపి ఇరవై వేలు, అంటే దగ్గర దగ్గర 100 మిల్లీ సెకన్లు. కేబుళ్లు గీత గీసినట్టు ఉండవు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. 144 హెర్ట్జ్ మానిటర్ మీద ఒక్కో ఫ్రేము 7 మిల్లీ సెకన్లు. వీడు ట్రిగ్గర్ నొక్కిన కబురు ముంబై వెళ్లి వచ్చేసరికి తెర మీద పద్నాలుగు బొమ్మలు మారిపోతాయి. మూడు వేలు కాదు, ముప్పై వేలు పెట్టినా ఆ పద్నాలుగులో ఒక్కటి తగ్గదు. ఉపాయం వేరే ఉంది. జట్టంతా సింగపూర్ సర్వర్ ఎంచుకుంటే దూరం ఇద్దరికీ తలా కొంత పడుతుంది. ఖమ్మం వాళ్లు కొంచెం నష్టపోతారు, వీడు కొంచెం లాభపడతాడు. స్నేహితులు ఒప్పుకుంటే పని అవుతుంది. ఆ ఒప్పుకోలు ఏ షాపులోనూ దొరకదు.

సరే, అప్పుడు లిస్టు తిరిగి రాశాం. ఈసారి తెర నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్లాం. 24 అంగుళాల 1080పీ మానిటర్, 165 హెర్ట్జ్, 170 డాలర్లు. ఆ తెరకి సరిపడా గ్రాఫిక్స్ కార్డు చాలు. సెకండ్ హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీది, 260. ఇది 2021 కార్డు. వాడు చెప్పిన మెషిన్ లెర్నింగ్ మాట నిజమే అయినా ఎన్విడియా కుడా, 12 జీబీ మెమరీ అక్కడా పనికొస్తాయి. ప్రాసెసర్ రైజెన్ 5 5600, 160. బీ550 మదర్ బోర్డు, చిన్న సైజు మైక్రో ఏటీఎక్స్, 140. డీడీఆర్4 ర్యామ్ ఎనిమిదేసి జీబీల కర్రలు రెండు, 55. ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ 90. 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ 105. దీపాల్లేని క్యాబినెట్ 75. మొత్తం 1,055 డాలర్లు. గంటల్లో 42. ఒక పక్షంలో ఇంకా ఆరు గంటలు మిగిలాయి.

"అన్నా, ఏఎమ్4 పాతబడిపోయింది కదా, ఏఎమ్5 తీసుకుంటే ముందు ముందు అప్‌గ్రేడ్ చెయ్యొచ్చు" అన్నాడు. మాట నిజమే. ఏఎమ్5 సాకెట్‌ని 2027 దాకా కొనసాగిస్తామని ఏఎండీ మాటిచ్చింది. కానీ ఆ "ముందు ముందు" ఎవరిది? వీడి కోర్సు రెండేళ్లు. ఈ రెండేళ్లలో కనీసం మూడు ఇళ్లు మారతాడు. ఉద్యోగం ఏ ఊళ్లో వస్తుందో, వస్తుందో రాదో తెలీదు. ఎప్పుడో మార్చబోయే ప్రాసెసర్ కోసం ఈరోజు మూడు వందలు ఎక్కువ పెట్టడం స్థిరపడ్డవాళ్లకి పొదుపు, వీడికి దుబారా. వీడికి కావల్సింది కారు డిక్కీలో పట్టే క్యాబినెట్, వెళ్లేటప్పుడు తేలిగ్గా అమ్ముడుపోయే భాగాలు.

తగ్గించకూడనిది ఒక్కటుంది, ఎస్‌ఎంపీఎస్. సీటీసీ రోజుల్లో క్యాబినెట్ కొంటే లోపల ఎస్‌ఎంపీఎస్ ఉచితం. మీద 450 వాట్లని రాసుండేది, ఎత్తి చూస్తే బూరుగు దూదిలా తేలిగ్గా ఉండేది. మిగతా ఏ భాగం చవకదైనా ఆట నెమ్మదిస్తుంది, అంతే. ఇది చవకదైతే పోతూ పోతూ పక్కవాళ్లనీ తీసుకుపోగలదు. 3060కి 550 వాట్లు చాలని ఎన్విడియానే చెప్తుంది. కొంచెం ఊపిరి ఆడాలని 650 తీసుకున్నాం. పేరున్న కంపెనీదేనా, 80 ప్లస్ గుర్తు ఉందా, వారంటీ ఎన్నేళ్లు, ఈ మూడూ చూడండి. పెద్ద అంకె చూసి మోసపోకండి.

ఏది కొత్తది, ఏది పాతది అన్నదానికి నా లెక్క ఇది. కంటికి కనబడేలా పరీక్షించగలిగింది పాతది కొనొచ్చు. కార్డు అమ్మేవాళ్ల ఇంటికే వెళ్లి, వాళ్ల మెషీన్లోనే పది నిమిషాలు ఫర్‌మార్క్ నడిపించి చూశాం. తెర మీద చుక్కలు రాలేదు, ఫ్యాన్ అరవలేదు, అప్పుడు డబ్బులిచ్చాం. ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీల వయసు బయటికి కనబడదు, అవి కొత్తవే. 2011 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం దుకాణంలో కొన్న వస్తువుకి కంపెనీ వారంటీతో సంబంధం లేకుండా హామీ ఇస్తుంది. "మాకు సంబంధం లేదు, కంపెనీని అడుక్కోండి" అని దుకాణంవాడు చేతులు దులుపుకోడానికి లేదు. ఎమ్మెస్వై అనే కంప్యూటర్ దుకాణాల సంస్థకి ఇలాంటి హక్కుల గురించి కొనేవాళ్లకి తప్పుడు మాటలు చెప్పినందుకు ఫెడరల్ కోర్టు 2011లో 2,03,500 డాలర్లు, మళ్లీ 2017లో 7,50,000 డాలర్లు జరిమానా వేసింది. అందుకే బిల్లు జాగ్రత్త చెయ్యండి. ఫేస్‌బుక్‌లో ఎవరి దగ్గరో కొన్నదానికి మాత్రం ఈ గొడుగు దాదాపు లేనట్టే.

ఇంకో ఊరింపు కూడా వచ్చింది. ఎవరో ఆఫీసు సామాను అమ్ముతున్నారు, కోర్ ఐ7 డెస్క్‌టాప్, 200 డాలర్లే అని. ఏ తరం అని అడగమన్నాను. ఆరో తరం. విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, అంత పాత ప్రాసెసర్‌ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 11లో వాలరెంట్ నడవాలంటే టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ కూడా ఉండాలి. ఐ7 అన్న పేరు పెద్దమనిషి కార్డు లాంటిది, తేదీ చూసుకోవాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ల హాల్లో, చాప మీద కూర్చుని బిగించాం. ఇక్కడ జులై అంటే చలికాలం. హీటర్ వేసిన గదిలో, కార్పెట్ మీద నడిచి లోహాన్ని ముట్టుకుంటే చురుక్కుమంటుంది. అందుకే ప్రతిసారీ ముందు క్యాబినెట్ ఇనుముని తాకి తర్వాత బోర్డు పట్టుకోమన్నాను. థర్మల్ పేస్టు బఠాణీ గింజంత. ర్యామ్ కర్రలు ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో. మానిటర్ తీగ మదర్ బోర్డుకి కాదు, గ్రాఫిక్స్ కార్డుకే. 5600లో లోపల గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి బోర్డుకి పెడితే తెర నల్లగానే ఉంటుంది. ఆన్ అయ్యాక బయోస్‌లో ఎక్స్‌ఎంపీ పెట్టాలి, లేకపోతే 3200 ర్యామ్ అంతకంటే తక్కువ వేగంతో నడుస్తుంది. విండోస్‌లో మానిటర్‌ని 165 హెర్ట్జ్‌కి మార్చాలి, దానంతటది మారకపోవచ్చు. ఈ చివరి రెండూ పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్లు.

కరెంటు బిల్లు ఐదుగురు పంచుకునే ఇల్లు కాబట్టి మిగతా నలుగురికీ లెక్క చెప్పాల్సి వచ్చింది. ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి సుమారు 300 వాట్లు, రోజుకి మూడు గంటలాడినా ఒక యూనిట్ దాటదు. "కరెంటు సరే, వీడి అరుపుల సంగతేంటి?" అన్నాడు గదిలో ఉండే ఇంకొకడు. దానికి 80 ప్లస్ లేదు, హెడ్‌సెట్ ఉన్నా లాభం లేదు.

ఆ అరుపులతోనే అసలు చిక్కు బయటపడింది. ఖమ్మం జట్టు కూర్చునేది రాత్రి తొమ్మిదికి. అప్పుడు ఇక్కడ ఒంటిగంటన్నర. పొద్దున్నే వీడికి షిఫ్టు. రెండు వారాలు ఎర్రటి కళ్లతో తిరిగాడు. చివరికి వాళ్లే జరిగారు. ఇప్పుడు ఆదివారం అక్కడ పొద్దున్న పదింటికి కూర్చుంటున్నారు, ఇక్కడ చలికాలంలో మధ్యాహ్నం రెండున్నర, వేసవిలో మూడున్నర. బీటెక్‌లో ఆదివారం మధ్యాహ్నం దాకా లేవని మనుషులు పదింటికి పళ్లు తోముకుని సింగపూర్ సర్వర్లో తయారుగా ఉంటున్నారట.

ఇదంతా చదివి ఎవరైనా ఇదే లిస్టు పట్టుకుని దుకాణానికి వెళ్తారేమోనని ఒక మాట. ఆ ధరలు కిందటి జులైవి. ఏడాది చివరికొచ్చేసరికి ఏఐ డేటా సెంటర్లకి మెమరీ చిప్పులు తరలిపోయి ర్యామ్ ధరలు రెట్టింపు దాటాయి. క్రూషల్ పేరుతో మనలాంటివాళ్లకి ర్యామ్ అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు మైక్రాన్ డిసెంబర్లో ప్రకటించింది. ఈరోజు కట్టాలంటే ర్యామ్‌ని కూడా సెకండ్ హ్యాండ్‌లో వెతకమంటాను. లిస్టు మారిపోతుంది. ఏం ఆడతావు, ఎవరితో, ఏ తెర మీద, ఎన్నాళ్లుంటావు, ఎన్ని గంటల జీతం, ఈ ఐదు ప్రశ్నలూ ఇదే వరసలో ఉంచుకోండి. కార్డు పేరు ఆరోది.

ఈ సెమిస్టర్‌ది మొదటి ఫోన్ నిన్న వచ్చింది. లిస్టు ఇంకా తెరవలేదు. ఏం ఆడతావని అడిగాను. "చదువుకి కూడా పనికొస్తుందన్నా" అంటున్నాడు.