బయ్యారం ఉక్కు.. కొలిమి వెలిగేనా?

ఎన్నికలొస్తే చాలు.. మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం ఉక్కు మాట వేడెక్కుతుంది. 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్ చెప్పింది ఆరు నెలల్లో సెయిల్ సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని మాత్రమే. కట్టి తీరాలని కాదు! ఖనిజంలో నాణ్యత లేదు, గిట్టుబాటు కాదని ఆ తర్వాత కేంద్రం తేల్చేసింది.

భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుంది కదా అనొచ్చు. అది కరెంటుకు పనికొచ్చేదే తప్ప బ్లాస్ట్ ఫర్నేస్‌కు కావాల్సిన కోకింగ్ బొగ్గు కాదు.

మరో దారి గాల్వనైజింగ్ లైన్. బయటి ఉక్కు రేకును తెచ్చి, రోలర్లపై ఆగకుండా నడిపిస్తూ ఫర్నేస్‌లో కాల్చి మెత్తబరిచి, సుమారు 450 డిగ్రీల కరిగిన జింకులో ముంచి తీస్తారు. లోహాన్ని కాల్చి మలచడం జనగామ జిల్లా పెంబర్తి కళాకారులకు కొత్తేం కాదు. కానీ పెద్ద ప్లాంటు ఇచ్చేన్ని కొలువులు ఈ లైన్ ఇవ్వదు. బయ్యారం యువత అడుగుతున్నది ఆ కొలువులే.