మారథాన్‌కి పేరిచ్చే ముందు

చేవెళ్ల నుంచి ఒక పాఠకుడు రాశారు: "నా వయసు 43. ప్రైవేటు ఉద్యోగం. ఏడాదిగా వారానికి మూడు రోజులు పొద్దున్నే మూడు, నాలుగు కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను. ఆరు కిలోల బరువు తగ్గాను. ఆఫీసులో స్నేహితులంతా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి పేర్లిస్తూ నన్నూ ఇమ్మంటున్నారు. ఇంకా నాలుగు నెలల టైముంది. మా నాన్నగారు 52వ ఏట గుండెపోటుతో పోయారు. అందువల్ల మా ఆవిడ ససేమిరా వద్దంటోంది. నేను పరుగెత్తవచ్చా?"

మీ ఆవిడ భయంలో అర్థం ఉంది. అయితే ఆమె పరుగే మానమని అంటున్నారా, ఆ మారథాన్ ఒక్కటే వద్దంటున్నారా అన్నది మీరు రాయలేదు. రెండూ ఒకటి కాదు. మీరిప్పుడు చేస్తున్న పరుగు చాలా మంచిది, మానవద్దు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, లేదా 75 నిమిషాల పరుగు ఉంటే గుండెకీ షుగరుకీ కావలసిన మేలు చాలావరకు అందుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరోగ్యం కోసమే అయితే మారథాన్ దాకా పోనక్కరలేదు. అది సరదా, పట్టుదల. సరదా తప్పు కాదు, కానీ దాన్ని మందు అనుకుని మొదలుపెట్టకూడదు.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. చేవెళ్ల బస్టాండులో బయల్దేరి మొయినాబాద్, అజీజ్‌నగర్ మీదుగా మెహదీపట్నం చేరితే ఇంచుమించు అంత దూరం. బస్సులో కూర్చుని వెళ్లినా ఒళ్లు నొప్పులు పుట్టే దూరమది! పైగా హైదరాబాద్ మారథాన్ నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఎత్తులూ పల్లాలూ ఫ్లైఓవర్లూ ఎక్కి దిగే దారి. ఆగస్టులో గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు.

ముందు గుండె సంగతి చూద్దాం. తండ్రికి గానీ అన్నదమ్ములకి గానీ 55 ఏళ్లలోపు, తల్లికి గానీ అక్కచెల్లెళ్లకి గానీ 65 ఏళ్లలోపు గుండెజబ్బు వచ్చి ఉంటే దాన్ని వంశంలో ఉన్న జబ్బుగానే లెక్కవేయాలి. మీ విషయం అదే. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా మారథాన్, హాఫ్ మారథాన్ పరుగెత్తిన దాదాపు కోటీ 9 లక్షల మంది లెక్కలు తీశారు. అందులో గుండె ఆగిపోయినవారు 59 మంది, చనిపోయినవారు 42 మంది. చాలా తక్కువే. కానీ వారిలో ఎక్కువమంది మగవాళ్లు, హాఫ్ కంటే ఫుల్ మారథాన్‌లోనే ఎక్కువ, అదీ చివరి భాగంలోనే ఎక్కువ. కొందరికి గుండె రక్తనాళాలు పూడుకుని ఉన్నాయి, కొందరికి గుండె కండరం మందంగా ఉండే జబ్బు ఉంది. ఈ రెండోది వంశపారంపర్యంగా వస్తుంది, అంతవరకూ ఏ బాధా పెట్టకపోవచ్చు.

అందుకని పేరివ్వడానికి ముందే డాక్టరు దగ్గరకు వెళ్లండి. బి.పి., షుగరు, కొలెస్ట్రాలు, ఇ.సి.జి. చూస్తారు. నాన్నగారి సంగతి దాచకుండా చెబితే ఎకో, టి.ఎం.టి. కూడా చేయించమనవచ్చు. అన్నీ బాగున్నాయని రిపోర్టు వచ్చినా అది జన్మంతటికీ రాసిచ్చిన గ్యారంటీ కాదు. పరుగులో ఛాతీ పట్టేసినట్టున్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, కళ్లు తిరిగినా, మామూలుగా రాని ఆయాసం వచ్చినా అక్కడే ఆగిపోవాలి. "గ్యాసులే" అని పరుగు సాగించేవాళ్లని చూస్తే నాకు భయం.

రిపోర్టులు బాగున్నాయనుకుందాం. నాలుగు నెలలు చాలవా? నాలుగు, అయిదు నెలల శిక్షణ పద్ధతులున్న మాట నిజమే. కానీ అవి వారానికి 20, 25 కిలోమీటర్లు అలవాటుగా పరుగెత్తేవారి కోసం. మీరు పది, పన్నెండు దగ్గరే ఉన్నారు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో పుంజుకుంటాయి. ఎముకలకీ స్నాయువులకీ నెలలు పడుతుంది. దమ్ము ఉంది కదా అని దూరం పెంచేస్తే ముంగాలి ఎముక నొప్పి పెడుతుంది, చివరికి సన్నగా పగుళ్లు ఇస్తుంది. అందుకని ఈ ఆగస్టులో 10 కిలోమీటర్ల పరుగుకి పేరివ్వండి. అదే పండగలో అదీ ఉంది. వచ్చే ఏడు హాఫ్, ఆ తర్వాత ఫుల్. మీ పక్కనున్న చిలుకూరులో కూడా ముందు 11 ప్రదక్షిణలు, ఆ తర్వాతే 108 కదా!

వయసు మించిపోతుందన్న తొందర వద్దు. ఫౌజా సింగ్ తన మొదటి మారథాన్ 2000లో లండన్‌లో పరుగెత్తినప్పుడు ఆయన వయసు 89 అని చెబుతారు. 43 ఏళ్లవారు రెండేళ్లు ఆగలేరా?

ఆ ఫౌజా సింగ్ పోయింది జబ్బుతో కాదు. 2025 జూలైలో పంజాబ్‌లో సొంత ఊరి దగ్గర రోడ్డు మీద కారు కొట్టి పోయారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీ ఊరి మర్రిచెట్ల రోడ్డు చూడటానికి ఎంత అందంగా ఉన్నా తెల్లవారుజామున పరుగెత్తే చోటు కాదు. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును గుద్దిన ప్రమాదం మీరు మరిచిపోయి ఉండరు. బస్సులో ఉన్నవారికే దిక్కులేని చోట టీషర్టుతో పరుగెత్తే మనిషి ఎంత? స్కూలు మైదానమో కాలేజీ గ్రౌండో చూసుకోండి. చుట్లు తిరగడం విసుగే, కానీ మెత్తటి మట్టి మోకాళ్లకి కూడా మంచిది. ఊరి లోపలి మట్టి దారులైనా సరే, వెలుతురు వచ్చాకే.

నీళ్ల విషయంలో రెండు తప్పులు చేస్తారు. కొందరు అసలు తాగరు. కొందరు దాహం లేకున్నా స్టాలు కనబడిన ప్రతిచోటా తాగుతారు. ఉత్త నీళ్లు అతిగా పడితే రక్తంలో ఉప్పు పలచబడి వాంతులు, మగత, ఫిట్స్ దాకా పోవచ్చు. దాహమైనప్పుడు తాగండి. దూరం ఎక్కువైతే ఓ.ఆర్.ఎస్. గానీ, ఉప్పు వేసిన మజ్జిగ గానీ మంచిది. కాళ్లు నొప్పులని ముందుగానే నొప్పి బిళ్లలు వేసుకుని పరుగెత్తకండి. నీరు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీలను దెబ్బ తీస్తాయి. షుగరుకి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి బిళ్లలు గానీ వాడేవారు డాక్టరుతో మోతాదు మాట్లాడుకోకుండా దూరాలకు దిగితే పరుగు మధ్యలో షుగరు పడిపోతుంది. స్త్రీలు ముందు హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. మన దేశంలో సగం మందికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. రక్తం లేనిదే దమ్ము ఎక్కడిది?

రోజూ పరుగెత్తనక్కరలేదు. వారానికి నాలుగు రోజులు చాలు. పక్కవారితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా సాగితే అదే సరైన వేగం. మిగతా రోజుల్లో ఒకటి పూర్తి విశ్రాంతి. జ్వరం వస్తే, తగ్గాక కూడా కొన్ని రోజులు ఆగాలి. జొన్నరొట్టె తింటూ కూడా పరుగెత్తవచ్చు, పొడి డబ్బాలు కొననక్కరలేదు. నిద్ర మాత్రం తగ్గించకండి. అర్ధరాత్రి దాకా ఫోను చూసి నాలుగింటికి లేచి పరుగెత్తేవారు ఆ రోజు పడుకోవడమే మేలు.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మీ ఆవిడను వెంట తీసుకువెళ్లండి. ఆమె అడగవలసిన ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి. డాక్టరు వద్దంటే నడక ఉండనే ఉంది. సరే అంటే, రోజూ ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.