"ఎవరూ లేని తీరం" అని ఎవరన్నారు?



మీ ఫోన్లోకి కూడా అండమాన్ రీల్స్ వస్తూనే ఉంటాయి. ముఖానికి అద్దాల మాస్కు, నోట్లో గొట్టం, కింద రంగురంగుల చేపలు, పగడాలు. దాన్నే స్నార్కెలింగ్ అంటున్నారు. వీడియో ఎవరిదైనా క్యాప్షన్ ఒకటే: "ఎవరూ లేని తీరం", "మనిషి అడుగు పడని చోటు".

చేపల్ని చూడటం తప్పని నేననను. సముద్రం లోపల ఏముందో చూడాలని మనకూ ఉంటుంది. నా గొడవంతా ఆ క్యాప్షన్‌తోనే. "ఎవరూ లేరు" అనే మాట వింటే ఆదివాసీ బిడ్డకు ఒళ్లు మండాలి. మన నేల మీద కన్నేసిన ప్రతివాడూ ముందు ఆ మాటే అన్నాడు. ఆ తర్వాతే గీతలు గీశాడు, బోర్డులు పాతాడు.

ఒక్క తీరం సంగతి చూద్దాం. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఇంకా 500 కిలోమీటర్లు దక్షిణానికి పోతే గ్రేట్ నికోబార్ దీవి. దాని దక్షిణ కొసన గలాథియా బే అనే అఖాతం ఉంది. ఆ పేరు కూడా 1840లలో అటు వచ్చిన డెన్మార్క్ ఓడది. అంతకుముందు అక్కడున్నవాళ్లు ఆ తీరాన్ని పేరు లేకుండానే పిలిచారా?

లెదర్‌బ్యాక్ తాబేలు గుడ్లు పెట్టే తీరం అది. ప్రపంచంలో ఇంతకంటే పెద్ద తాబేలు లేదు. మన కోస్తాకు వచ్చే ఆలివ్ రిడ్లీ 50 కిలోలు ఉంటే, ఇది నాలుగైదు వందల కిలోలు తూగుతుంది. వీపు మీద గట్టి చిప్ప ఉండదు, తోలులాంటి చర్మం ఉంటుంది. అదే దీవిలో నికోబార్ మెగాపోడ్ అనే పక్షి ఉంది. అది గుడ్ల మీద కూర్చుని పొదగదు. ఇసుక, ఆకులు కుప్పపోసి అందులో గుడ్లు పెడుతుంది. ఆ కుప్ప వేడికే పిల్లలవుతాయి.

మరి మనుషులో? అడవిలో షోంపెన్‌లు ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో 229 మంది. తీరాల్లో నికోబారీల ఊళ్లు ఉండేవి: చింగెన్, పులో బాహా, కొకెయోన్. 2004 సునామీ ఆ ఊళ్లను తుడిచేసింది. బతికినవాళ్లను తీసుకెళ్లి క్యాంప్‌బెల్ బే దగ్గర పునరావాస కాలనీల్లో పెట్టారు. "మా పాత ఊళ్లకు పోతాం" అని వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు.

సునామీకి దీవి దక్షిణ కొస మీటర్ల లోతున కుంగిపోయింది. గలాథియా ఇసుక తీరం కూడా పోయింది. తర్వాత అలలే మళ్లీ ఇసుక తెచ్చి పోశాయి, తాబేళ్లు తిరిగొచ్చాయి. తాబేలు తన చోటికి తాను వచ్చింది, దాన్ని ఎవరూ పర్మిషన్ అడగలేదు. నికోబారీలు మాత్రం ఇరవై ఏళ్లు దాటినా కాలనీల్లోనే ఉన్నారు. "ఎవరూ లేని తీరం" ఎలా తయారైందో అర్థమైందా? ఉన్నవాళ్లను తిరిగి రానివ్వకపోతే ఏ తీరమైనా ఖాళీగానే కనపడుతుంది.

ఇక ఆ తీరానికే ఎసరు పెట్టారు. 2021 జనవరిలో గలాథియా బే అభయారణ్యాన్ని డీనోటిఫై చేశారు. అక్కడ భారీ పోర్టు, దీవిలో ఎయిర్‌పోర్టు, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్ కడతారట. టూరిజం కూడా ఆ ప్లాన్‌లో భాగమే. 2022 నవంబర్‌లో పర్యావరణ అనుమతి ఇచ్చేశారు. అప్పటి అంచనా ఖర్చు 72,000 కోట్లు. దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. 84 చదరపు కిలోమీటర్ల గిరిజన రిజర్వు భూమి కూడా ఇందులోకి వస్తుంది. అదే నెలలో లిటిల్, గ్రేట్ నికోబార్ గిరిజన మండలి తాము ఇచ్చిన నిరభ్యంతర పత్రాన్ని వెనక్కి తీసుకుంది. తమ పూర్వీకుల ఊళ్లు ప్రాజెక్టులోకి పోతున్నాయని ముందు తమకు సరిగా చెప్పలేదన్నారు. విన్నారా? పనులు ముందుకే నడిపారు.

ఇప్పుడు రూల్స్ చూడండి. టూరిస్టు స్నార్కెలింగ్‌కు పోతే పగడాన్ని ముట్టుకోకూడదు. జాలీ బాయ్ దీవికి ప్లాస్టిక్ సీసా కూడా తీసుకెళ్లనివ్వరు. తాబేలు గుడ్లు పెట్టేచోట టార్చి వేయకూడదు. అన్నీ మంచి రూల్సే, పాటించాల్సిందే. కానీ పోర్టు కోసం 16,150 పగడపు కాలనీలను పెకలించి వేరేచోట అంటిస్తామంటే అది "సంరక్షణ" అయింది! నికోబార్ వానాడవి కొట్టేసి బదులుగా హర్యానాలో మొక్కలు నాటుతామంటే అది "పరిహారం" అయింది! వేలు తగిలితే నేరం, బుల్డోజర్ తగిలితే అభివృద్ధి. ఇదేం న్యాయం?

జంతువుల్ని చూసే కన్ను అక్కడితో ఆగదు. బారాటాంగ్ ట్రిప్ పోయేవాళ్లు గుహలు, చిలకల దీవి చూడటానికి జారవాల రిజర్వు మధ్య నుంచి వెళ్లే రోడ్డు మీద పోతారు. ఆ దారిలో జారవా మనుషులు కనపడతారేమో అని కిటికీల్లోంచి వెతికారు. జారవా ఆడపిల్లల్ని డ్యాన్స్ చేయమన్న వీడియో 2012లో బయటపడి ప్రపంచమంతా ఛీ కొట్టింది. 2013 జనవరిలో సుప్రీంకోర్టు టూరిస్టుల్ని ఆ రోడ్డు మీద ఆపింది. రెండు నెలలు తిరక్కుండానే ఆ ఆంక్ష ఎత్తేశారు. "ఎవరూ లేరు" అని ఒకచోట, "వీళ్లూ చూడాల్సిన వింతే" అని ఇంకోచోట. రెండింట్లోనూ మనల్ని మనిషిగా లెక్కేయలేదు.

మనకేం సంబంధం అంటారా? పాపికొండల పడవెక్కి చూడండి. టూరిస్టుకు రెండువైపులా కొండలు, పొగమంచు, నీళ్లు కనపడతాయి. "ఎంత ప్రశాంతంగా ఉందో" అంటారు. పోలవరం ముంపులో దేవీపట్నం మండలం ఊళ్లు ఖాళీ అయిన సంగతి మైకులో ఎవరు చెప్తారు? షోంపెన్‌లూ, మన కొండరెడ్లూ సర్కారు కాగితాల్లో ఒకే జాబితాలో ఉన్నారు. ఇద్దరి నేలా ఒకే పద్ధతిలో ఖాళీ అవుతోంది.

"టూరిజం వస్తే ఉద్యోగాలొస్తాయి కదా" అని మనవాళ్లే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఏ ఉద్యోగం? తన తీరంలోనే గది ఊడ్చే పని, తన కొండ మీదే పార్కింగ్ చీటీ చింపే పనేనా? ఎంతమంది రావాలి, ఏ నెలలో రాకూడదు, వచ్చిన డబ్బు ఎవరికి చేరాలి అనేది గ్రామసభ తేల్చితే ఆ టూరిజానికి నేనూ చేయెత్తుతా. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో నీటివనరుల మీద, చేపల మీద కూడా సముదాయ హక్కు గుర్తించింది. ఆ హక్కు తేల్చకుండా మన నేలమీద పడవలూ రిసార్టులూ పెట్టి నాలుగు కూలి పనులు ఇస్తే దాన్ని ఉపాధి అనొద్దు.

అందుకే మీరు చేయాల్సింది చెప్తా. "ఎవరూ లేని తీరం" రీల్ కనపడితే లైక్ కొట్టకముందు కింద ఒక్క ప్రశ్న రాయండి: "ఇక్కడ ముందు ఎవరున్నారు?" మీ కాలేజీలో గ్రేట్ నికోబార్ గురించి ఒక్క గంట చర్చ పెట్టండి. మీ ఊరి జలపాతానికో కొండకో టూరిజం బోర్డు పడుతుంటే, గ్రామసభ తీర్మానం ఎక్కడుందో చూపించమని అడగండి. లేకపోతే సభ పెట్టించండి.

జల్, జంగల్, జమీన్ అని మనం అరుస్తాం కదా, ఆ జల్‌లో సముద్రం కూడా ఉంది. నికోబారీల తీరం పోతుంటే మనం ఊరుకుంటే, రేపు మన వాగు దగ్గర కూడా "ఎవరూ లేరు" అని బోర్డు పెడతారు.

జోహార్!