కొండవీడుకు రోడ్డు పడింది, ఇక చరిత్ర బయటపడాలి

ఆంధ్రప్రదేశ్ పురావస్తు, ప్రదర్శనశాలల శాఖ కమిషనర్ గారికి.

గుంటూరుకు పడమరన సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో, పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో ఉన్న కొండవీడు కోట గురించి ఈ బహిరంగ లేఖ. ఒకప్పుడు ముళ్లకంపలు తప్పించుకుంటూ కాలినడకన ఎక్కిన కొండకు ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది. సెలవు రోజుల్లో కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి, చెరువు గట్టున భోజనాలు చేసి, బురుజుల దగ్గర ఫొటోలు దిగి వెళ్తున్నాయి. జనం రావడం సంతోషమే. ఏ గోడ ఏ కాలంలో లేచిందో, ఏ మండపంలో ఏం జరిగేదో వాళ్లకు చెప్పడం మాత్రం రోడ్డు వేయడమంత సులువు కాదు. దానికి ఏళ్ల తరబడి ఓపికగా కొలవాలి, తవ్వాలి, చదవాలి. ఆ పని మొదలుపెట్టమనే ఈ విన్నపం.

కాగితం మీద కొండవీటి కథ మనకు బాగానే తెలుసు. 1323లో ఓరుగల్లు పడిపోయాక తీరాంధ్రలో తలెత్తిన రాజ్యాల్లో రెడ్డి రాజ్యం ఒకటి. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి నుంచి పాలించాడు. అతని కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. ఆ అనవోతుడే 1358లో మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకులకు హామీలిస్తూ శాసనం వేయించాడు. అనవేముడు 1377లో శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించాడు. కుమారగిరి వసంతోత్సవాలు జరిపి కర్పూర వసంతరాయడనిపించుకున్నాడు. పెదకోమటి వేముడి దగ్గర శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నాడు. అదే శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చాడు. హురుముంజి గుర్రాలు, సింహళపు ఏనుగులు, చీనా పట్టు తెప్పించిన వర్తకుడతడు.

ఇదంతా శాసనాలూ కావ్యావతారికలూ చెప్పిన సంగతి. వాటిని జల్లెడ పట్టి మల్లంపల్లి సోమశేఖరశర్మ రాసిన రెడ్డి రాజ్యాల చరిత్రను ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో ప్రచురించింది. ఇప్పటికీ దాన్ని పక్కన పెట్టుకోకుండా కొండవీడు గురించి నాలుగు మాటలు రాయడం కష్టం. శర్మగారి చేతిలో ఉన్నవి రాళ్ల మీది అక్షరాలు, రాగిరేకులు, తాటాకులు. నేల చెప్పే సాక్ష్యం ఆయనకు అందలేదు.

ఆ నేలను అడగాల్సినవి చాలా ఉన్నాయి. నీళ్ల సంగతే తీసుకోండి. కొండ మీద ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు ఉన్నాయి. పల్నాటి ఎండల్లో, శత్రువు కింద దారులు మూసిన రోజుల్లో, పైనున్న సైన్యానికీ గుర్రాలకూ ఆ నీళ్లే ప్రాణాధారం. ఒక చెరువు నిండితే పొర్లే నీరు ఎటు పోయేది? కాలువలున్నాయా, తూములున్నాయా? గట్లలో రెడ్ల కాలపు కట్టుబడి ఎంత, తర్వాతివాళ్ల మరమ్మతు ఎంత? కొండవీటి చాంతాడంత క్యూ అని నిత్యం అనుకునే మనం ఆ చాంతాడు దిగిన బావుల లోతు కొలిచి పటం వేసుకోవద్దా? ధాన్యపు కొట్లు, వంటశాలల బూడిద, పగిలిన కుండ పెంకులు, చీనా పింగాణీ ముక్కలు దొరికితే అవి తిప్పయసెట్టి సరుకుల జాబితా పక్కన పెట్టి చూడదగ్గ సాక్ష్యాలు. కవి చెప్పిన వైభవంలో ఎంత నిజమో అప్పుడు తేలుతుంది.

అందుకే ఒక ముఖ్యమైన విన్నపం. అందం కోసమో పడవల కోసమో ఆ చెరువుల పూడిక తీయాల్సివస్తే, దయచేసి జేసీబీని ముందు పంపవద్దు. వందల ఏళ్ల పూడికలో పొరపొరకూ ఒక కాలం ఉంటుంది. యంత్రం ఒక్క పూటలో ఎత్తి లారీలో పోసిన మట్టిని మళ్లీ ఏ పండితుడూ చదవలేడు. గుప్తనిధుల ఆశతో కోటల్ని తవ్వేవాళ్లు చేసే నష్టమూ ఇదే. వాళ్లను పట్టుకోవడానికి పోలీసులున్నారు. ప్రభుత్వ పనుల పేరుతో జరిగే నష్టాన్ని ఆపాల్సింది మాత్రం మీ శాఖే.

ఇక కత్తులబావి. కొండ కింద గోపీనాథస్వామి గుడికి జనం పెట్టుకున్న పేరది. కృష్ణదేవరాయల కోసం మంత్రి తిమ్మరుసు కపటంతో ఆ గుడి కట్టించి, దర్శనానికి ఒక్కొక్కరుగా వచ్చిన రెడ్డి నాయకులను కత్తులు నిలిపిన బావిలో పడేసి చంపించాడని కథ. వింటే ఒళ్లు జలదరిస్తుంది. శాసనాల లెక్క మాత్రం వేరు. కొండవీటి రెడ్ల పాలన 1420ల్లోనే ముగిసింది. 1454లో కోట గజపతుల వశమైంది. 1515 జూన్ 23న రాయలు గెలుచుకున్నది ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడి చేతిలోని కోటను. ఆ విజయాన్ని తిథివారాలతో సహా మంగళగిరిలో తిమ్మరుసు వేయించిన శాసనం చెబుతోంది. రాయల సేన వచ్చేసరికి రెడ్డి రాజ్యం పోయి తొంభై ఏళ్లు.

అలాగని కథను చెత్తబుట్టలో వేయమని ఎవరూ అనరు. రెండు శతాబ్దాల కిందట కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి కరణాల నోట విని రాయించిన కైఫీయతుల్లో ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. పురిటి సుంకం వేసి ప్రజల్ని పీడించిన చివరి కొండవీటి రెడ్డి రాజు రాచవేముణ్ణి సవరం ఎల్లయ్య పొడిచి చంపాడన్న కథ కూడా అలా మిగిలిందే. అవి జనం మోసుకొచ్చిన జ్ఞాపకాలు, వాటికి గౌరవం దక్కాలి. గుడి దగ్గర పెట్టే బోర్డు మీద రెండూ ఉండాలి: ఊళ్లో చెప్పుకునేది ఇది, శాసనంలో ఉన్నది ఇది అని. లేకపోతే ఆ కథ నేటి కులాల గొడవలకు ఆయుధంగా మారడానికి ఎంతో సమయం పట్టదు. పైగా 1579లో గోల్కొండ సుల్తానులు ఈ సీమను గెలిచి ముర్తుజానగర్ అన్నారు, 1788లో గుంటూరు సర్కారుతో పాటు ఇది ఇంగ్లీషువాళ్లకు దక్కింది. ఇన్ని చేతులు మారిన కోటను ఒక్క వంశానికి రాసివ్వడం చరిత్రకు అన్యాయం.

ఇదేమీ అసాధ్యమైన కోరిక కాదు. హంపీలో 1970ల నుంచి కేంద్ర, కర్ణాటక పురావస్తు శాఖలు తవ్వకాలు చేశాయి. జాన్ ఫ్రిట్జ్, జార్జ్ మిషెల్ 1980లో మొదలుపెట్టి దాదాపు ఇరవై ఏళ్లు శిథిలాలను కొలిచి పటాలు గీశారు. రాజప్రాంగణంలోని నల్లరాతి మెట్ల పుష్కరిణి మట్టి కింది నుంచి బయటపడింది ఆ తవ్వకాల్లోనే. ఏ రాయి ఎక్కడ కూర్చోవాలో శిల్పులు చెక్కుకున్న గుర్తులు ఇప్పటికీ దాని మీద చదవొచ్చు. కాంబోడియాలోని అంగ్కోర్‌లో 2012లో హెలికాప్టర్ నుంచి లైడార్ పద్ధతిలో లేజర్ కిరణాలు పంపి, అడవి కప్పేసిన వీధుల్నీ గట్లనీ పటమెక్కించారు. కొండవీటినీ చెట్లు కమ్మేశాయి. ఒక్క చెట్టు కొట్టకుండా ప్రాకారాల జాడ పట్టడానికి ఇంతకంటే మంచి దారి లేదు, అటవీ శాఖకూ అభ్యంతరం ఉండదు.

ముందు లైడార్ పటం, ఆ తర్వాత ఎంచుకున్న చోట్ల తవ్వకం, అంతవరకూ కొండ మీద కొత్త కాంక్రీటుకు విరామం. ఈ క్రమాన్ని రాతపూర్వకంగా ప్రకటించండి. కొండ మీదా చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్న శాసనాలకు మళ్లీ కాగితం మీద అచ్చు నకళ్లు తీయించి, మైసూరులోని శాసన విభాగంతో సరిచూడండి. నాగార్జున విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గరే ఉంది, అక్కడి చరిత్ర విద్యార్థులను కందకాల్లోకి దింపండి. నివేదికను ఏటా తెలుగులోనే అచ్చువేయండి, యడ్లపాడు, ఫిరంగిపురం బడులకు కూడా ఒక్కో ప్రతి పంపండి. సంక్రాంతి దాటాక కొండ మీద పొద ఎండుతుంది, ఎండలు ముదిరేలోగా రెండు నెలలు పని సాగుతుంది. వచ్చే బడ్జెట్‌లో ఈ పద్దు చేరితే ఆ అదను దక్కుతుంది.

ఇట్లు,
కొండవీటి చరిత్ర కోరే ఒక పత్రికా రచయిత