నలుగురు నటులు, ఒక పియానో

ఆ నాటకం పేరును తెలుగు చేస్తే ఇలా ఉంటుంది: నిన్ను ప్రేమిస్తున్నాను, నీలో వంక పెట్టవలసినదేమీ లేదు, ఇక మారు. ఆంగ్లంలో ‘ఐ లవ్ యూ, యూ ఆర్ పర్‌ఫెక్ట్, నౌ చేంజ్’. పెళ్లిచూపులకూ షష్టిపూర్తికీ నడుమ జరిగేదంతా మూడు ముక్కల్లో ఇమిడిపోయింది కనుక ముందుగా ఆ పేరు పెట్టినవారికి ఒక నమస్కారం. మాటలూ పాటలూ వ్రాసినవారు జో డిపియెట్రో, స్వరపరచినవారు జిమ్మీ రాబర్ట్స్. న్యూయార్కులో, ఒకప్పుడు చర్చిగా ఉన్న వెస్ట్‌సైడ్ థియేటర్‌లో, 1996 ఆగస్టులో మొదలై 2008 జూలై దాకా 5,003 ప్రదర్శనలు ఆడినది. బ్రాడ్వే భారీ నాటకాల ప్రక్కన ఇది పిట్టంత. నటులు ఇద్దరు ఆడవారు, ఇద్దరు మగవారు. వాద్యాలు ఒక పియానో, ఒక వయొలిన్.

నేను చూచినది ఆ ప్రసిద్ధ ప్రదర్శన కాదు. న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్లుండే ఊళ్లో, ఒక చర్చి క్రింది హాలులో, మడత కుర్చీల మీద కూర్చుని, ఆ ఊరివాళ్లే కట్టిన వేషాలు చూచాను. ఈ టపా ఆ నాటకాన్ని పొగడడానికి వ్రాయడం లేదు. అందులో నాకు నచ్చనివీ ఉన్నాయి, చెబుతాను. నా మాట ఇంతే: నడివయస్సు దాటిన గృహస్థులు, తమ పొరుగువారి ఎదుట నిలబడి, దాంపత్యాన్ని గురించి పాడుకొని నవ్వుకోగల చోటు ఒకటి వాళ్లకున్నది. మనకు లేదు. మన అలంకారశాస్త్రం శృంగారాన్ని రసరాజమన్నది కదా, ఆ రాజుగారికి మన ఊళ్లలో ఇవాళ కాలు పెట్టేందుకు సినిమాహాలు తప్ప వేరే చోటు లేకపోవడం నాకు చిన్న విషయంగా తోచడం లేదు.

ఈ రకపు ఆటను వాళ్లు ‘రెవ్యూ’ అంటారు. ఆది నుంచి అంతం దాకా ఒకే కథ ఉండదు. ఒక్కొక్క దృశ్యానికి ఒక్కొక్క జంట, ఒక్కొక్క పాట. అయిదారు నిమిషాల్లో ఒక బ్రతుకు తెరిచి మూసేస్తారు, మరుక్షణం అదే నటి శాలువా మార్చి మరొకరి భార్య అవుతుంది. మొదటి అంకం పెళ్లికి ముందు సంగతులు, రెండవది పెళ్లయిన తరువాతి సంగతులు. తీరిక లేని ఇద్దరు ఉద్యోగస్థులు మొదటి కలయిక, రెండవ కలయిక అన్నీ దాటవేసి సరాసరి విడిపోయే ఘట్టానికి వచ్చేస్తారు. కొడుకు ఒక పిల్లను ఇంటికి తీసుకువస్తే, ఇక పెళ్లి మాటే అని తల్లిదండ్రులు పొంగిపోతూ ఉండగా, మేమిద్దరం విడిపోతున్నామని చెప్పడానికి వచ్చామంటారు వాళ్లు. ఆ తల్లి ముఖం చూచి మా ఆవిడ గట్టిగా నిట్టూర్చింది. (ఆమెకు ఆంగ్లం అంతంతమాత్రం. ఆ దృశ్యానికి ఆంగ్లంతో పని లేదు.) స్నేహితురాళ్ల పెళ్లిళ్లకు తోడిపెళ్లికూతురుగా కుట్టించుకొన్న గౌనులతో బీరువా నింపుకొన్న అమ్మాయి, పసిబిడ్డ పుట్టాక పెద్దల మాటే మరచిపోయిన దంపతులు, కారులో కుటుంబమంతా ఎక్కి తగవులాడుకొంటూ సాగించే ప్రయాణం - ఇవన్నీ వచ్చి పోతాయి.

చివరికి దగ్గరపడుతూ ఉండగా ఒక దృశ్యం వస్తుంది. ఉదయపు వేళ బల్ల దగ్గర భార్యాభర్తలు కూర్చుని ఉంటారు. పెళ్లయి ఏళ్లు గడచినవి. ఆమె తన ధ్యాసలో తానుంటుంది. అతడు ఆమెను చూస్తూ, ఇన్నేళ్లకైనా నీ మీద ఈ ప్రేమ కొంత తగ్గవలసినది కదా, ఎందుకు తగ్గలేదు అని ఆశ్చర్యపోతూ పాడతాడు. పాట ఆమెకు వినబడదు. అది మనసులోని పాట. ఆ రోజు దానిని పాడినాయన బట్టతల మనిషి, శ్రుతి రెండు చోట్ల జారింది, సంగీతం తెలిసినవారు నొసలు చిట్లించవలసినదే. హాలులో ఎవ్వరూ చిట్లించలేదు. చప్పట్లకు ముందు ఒక క్షణం నిశ్శబ్దం వచ్చినది చూడండి, అది కొనితెచ్చుకొంటే దొరికేది కాదు.

"ఆయన ప్రక్కన కూర్చున్నది నిజంగా భార్యేనటే?" అని మా ఆవిడ అమ్మాయిని చెవిలో అడిగింది.

"కాదమ్మా. వాళ్లావిడ అదిగో, బయట బల్ల మీద టికెట్లిచ్చిందే, ఆవిడ."

విరామంలో కాఫీ, బిస్కట్లు అమ్మినది కూడా ఆవిడే. తన భర్త మరొక ఆమె ముఖం చూస్తూ ఆ పాట పాడుతూ ఉంటే ఆవిడ వెనుక గోడకు ఆనుకొని చేతులు కట్టుకొని విన్నది. పాట కాగానే అందరికన్న ముందు ఈల వేసింది.

ఇక్కడ నాకు చదువుకొన్న శాస్త్రం అడ్డుపడినది. రసాస్వాదనకు సాధారణీకరణం కావాలన్నాడు భట్టనాయకుడు. ఎదురుగా ఉన్నవాడు ఫలానా సుబ్బయ్య అన్న ఎరుక తొలగిపోతేగాని రాముని దుఃఖం మనదాకా రాదు. అభినవగుప్తుడు రసవిఘ్నాలు ఏడింటిని లెక్కించి, ఇది నాది, అది వానిది అన్న విశేషజ్ఞానాన్ని కూడా అందులో చేర్చాడు. ఆ లెక్కన ఆ చర్చి హాలులో రసం పుట్టనే కూడదు. నటుడు ఎవరో, ఎక్కడ పనిచేస్తాడో, ఏ వీధిలో ఉంటాడో ప్రేక్షకులందరికీ తెలుసును. అయినా పుట్టినది. నాకు తోచిన సమాధానం ఇది: రాముని కథలో సుబ్బయ్య అడ్డం, ఇంటింటి కథలో సుబ్బయ్య సాక్షి. వాడు పాడగలిగితే నేనూ ఇంటికి వెళ్లి ఒక మాట అనవచ్చునన్న ధైర్యం అపరిచితుడైన మహానటుడు ఇవ్వలేడు. శాస్త్రం బాగా తెలిసినవారు నా సమాధానాన్ని ఖండించవచ్చు, సంతోషంగా వింటాను.

కథ లేని నాటకమేమిటి, అతుకుల బొంత అని పెదవి విరిచేవారుంటారు. మన సాహిత్యం మరచినవారే ఆ మాట అనాలి. హాలుని గాథాసప్తశతి ఏమిటి మరి? ఏడువందల గాథలు, ఏ గాథకా గాథే. పొలంగట్టు, అత్తగారు, దేశాంతరం వెళ్లిన మగడు, వానచినుకు. అమరుక కవి శతకంలోనూ అంతే, ఒక్కొక్క శ్లోకం ఒక్కొక్క పడకగది. అమరుకుని ఒక ముక్తకంలో ఒక ప్రబంధమంత రసం ఉంటుందని ఆనందవర్ధనుడంతటివాడు ధ్వన్యాలోకంలో మెచ్చుకొన్నాడు. దానికి శృంగారదీపిక అని వ్యాఖ్య వ్రాసినవాడు మన కొండవీటి ప్రభువు పెదకోమటి వేమారెడ్డి. క్షేత్రయ్య పదాలనే తీసుకోండి, ప్రతి పదానికీ ఒక నాయిక, ఒక సందర్భం, ఒక అలక. ముక్తకాలను వరుసగా కూర్చి పాడించడం మనకు పరాయిది కానే కాదు.

నచ్చనివి చెబుతానన్నాను. ఆ నాటకంలో మగవాడంటే ఆటల పిచ్చివాడు, ఆడదంటే ఫోను కోసం ఎదురు చూచేది, ఇలాంటి అచ్చుపోసిన బొమ్మలు కొన్ని ఉన్నాయి. 1996 నాటి నవ్వులు కొన్ని పాతబడినవి. కర్తలే 2018లో కాలానికి తగినట్లు సవరించారు, అయినా మొదటి అంకంలో నాకు రెండు మూడుసార్లు ఆవులింత వచ్చినది. విడాకులు తీసుకొన్న ఒక ఆమె తోడు కోసం వీడియో ముందు కూర్చుని తనను గూర్చి చెప్పుకొనే ఘట్టం మాత్రం ఆ లోటంతా తీర్చింది. నవ్విస్తూ మొదలుపెట్టి ఎక్కడ ఏడిపించడానికి మళ్లిందో తెలియదు. ఆ వేషం కట్టినావిడ పగలు ఒక పళ్లవైద్యుని దగ్గర లెక్కలు వ్రాస్తుందట.

ఈ ఊరి నాటకసమాజాలకు అమెరికాలో పెద్ద చరిత్రే ఉన్నది. బోస్టన్‌లోని జమైకా ప్లెయిన్ అనే పేటలో ఫుట్‌లైట్ క్లబ్ 1877 నుంచి నేటిదాకా ఎడతెగక నాటకాలాడుతున్నది. మన వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో విద్యార్థులచేత నాటకమాడించినది 1880లో. మూడేళ్ల తేడా! ఇద్దరివీ జీతం లేని వేషాలే. వాళ్లకు అది ఊరి అలవాటుగా నిలిచినది. పనులయ్యాక సాయంత్రాలు కూడుకొంటారు, హక్కులున్నవారికి రుసుము కట్టి అనుమతి తెచ్చుకొంటారు, వ్రాసినదానిలో ఒక్క మాట మార్చాలన్నా మళ్లీ అడుగుతారు. (ఈ సంగతి మన వేదికల మీద ఒకరి నాటిక మరొకరి పేరున ఆడేవారు గమనించ ప్రార్థన.)

మనకు నాటకం లేదని నేననడం లేదు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు తరువాత ఎన్ని పరిషత్తులు, ఎన్ని పోటీలు! అయితే పోటీకి వెళ్లే నాటికలో సమస్య ఉండాలి, సందేశం ఉండాలి, చివర ఒకరు చావడమో పశ్చాత్తాపపడడమో జరగాలి. భార్యను చూచి మురిసిపోయే భర్తకు ఏ న్యాయనిర్ణేత మార్కులు వేస్తాడు? స్త్రీపాత్రలకు బయటినుంచి నటీమణులను పారితోషికమిచ్చి పిలుచుకొంటాము. ఒకే నటి ఒకే పోటీలో రెండు మూడు నాటికల్లో కనిపించడమూ కద్దు. ఆ నటీమణుల ప్రతిభకు చేతులెత్తి మ్రొక్కుతాను. కాని, ఆ ఊరి ఆడవారు ఏరీ?

అంతకుముందు తరాన మన సత్యభామ, మన మధురవాణి స్థానం నరసింహారావుగారు. అంత గొప్ప సత్యభామను స్త్రీలే చూచి నేర్చుకొన్నారని పెద్దలు చెప్పేవారు. నిజమే కావచ్చు. కాని ప్రేమను రంగం మీదికి తేవాలంటే ఒక పురాణపు పేరో, ఒక వేశ్య వేషమో, మగవాని మీద చీరో అడ్డం పెట్టుకోవడం మనకు అలవాటైపోయినది. తెర లేకుండా చూడలేము. తెర చాటున మాత్రం ఎంత మోటు మాటైనా వింటాము. కాళ్లకూరి నారాయణరావుగారు సంస్కరణ కోసం వ్రాసిన ‘చింతామణి’లో తరువాతివాళ్లు చేర్చిన చౌకబారు హాస్యం ఎంతదూరం పోయినదంటే, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకప్రదర్శననే నిషేధించింది. నిషేధం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. శిష్టమైన శృంగారానికి చోటివ్వని రంగం మీద మిగిలేది అదే.

నేను పనిచేసిన ఒక పాఠశాలలో, 1980 దశకంలో, వార్షికోత్సవానికి ఉపాధ్యాయులమే ఒక ఏకాంకిక వేశాము. లెక్కల టీచరుగారు, అప్పటికి ఇద్దరు పిల్లల తల్లి, భార్య పాత్ర ధరించారు. భర్త వేషం మా డ్రాయింగు మాస్టారిది. ఆలస్యంగా ఇల్లు చేరిన మగనికి అన్నం వడ్డిస్తూ దెప్పిపొడవడం, చివర ఇద్దరూ నవ్వుకోవడం, అంతకుమించి అందులో ఏమీ లేదు. మరునాడు యాజమాన్యంలో ఒక పెద్దమనిషి ఆవిడను గదిలోకి పిలిచి, పిల్లలకు పాఠం చెప్పే మనిషి ఇలాంటివి చేయవచ్చునా అని అడిగాడు. ఆవిడ బదులు చెప్పలేదు. ఆ పైన పదేళ్లపాటు, నేను బదిలీ అయ్యేవరకు, వార్షికోత్సవంలో ఆవిడ బహుమతుల పట్టిక చదవడం తప్ప వేదిక ఎక్కలేదు. చక్కటి కంఠం. నాటకంలో ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. ఆ పెద్దమనిషి ప్రతి కొత్త సినిమాకూ సకుటుంబంగా మొదటివారమే వెళ్లేవాడు.

ఆ న్యూజెర్సీ నాటకం ఒక అంతిమసంస్కారంతో ముగుస్తుంది. ఎవరో పోతే చూడవచ్చిన ఒక ముసలాయన, ఒక ముసలావిడ, ఇద్దరూ ఒంటరివారే. అక్కడే మాటలు కలుపుకొంటారు. ఒకరి రోగాలు ఒకరికి చెప్పుకొంటారు, ఒకరి చాదస్తాలు ఒకరు భరించగలరో లేదో బేరమాడుకొంటారు. పాట అదే. నా పరిచయస్థులలో భార్య పోయినవారు, భర్త పోయినవారు ఎంతోమంది పిల్లల ఇళ్లలో ఒక గదిలో కూర్చుని టీవీ చూస్తున్నారు. వారిలో ఎవరికైనా ఆ బేరం ఆడాలనిపిస్తే, ఆ మాట పైకి అనడానికి తెలుగులో వారికి ఒక పాటైనా లేదు.

అందుకని నాకొక కోరిక పుట్టింది. ఆ ఆంగ్ల నాటకాన్ని అనువదించమని కాదు, అది వాళ్ల ఇళ్ల కథ. మనకు అష్టవిధ నాయికలున్నారు కదా, ఎనిమిది దృశ్యాలు చాలు. ప్రోషితభర్తృక అంటే ఇప్పుడు దుబాయి వెళ్లినవాని భార్య. ఖండిత చేతిలో మగని చరవాణి ఉంటుంది. విరహోత్కంఠిత గచ్చిబౌలిలో బస్సు కోసం నిలబడి ఉంటుంది. స్వాధీనపతికకు అరవై అయిదేళ్లు ఉండాలని నా పట్టు. మగడు ఆమెకు రక్తపోటు మాత్రలు లెక్కపెట్టి ఇస్తూ పాడాలి. నటులు నలుగురు, హార్మోనియం ఒకటి. అపార్ట్‌మెంటు క్రింద కార్లు తీసేస్తే రంగస్థలం. వేషాలు ఆ భవనంలో ఉన్నవారే కట్టాలి, బయటివారు కూడదు.

మిత్రులలో పాట వ్రాయగలవారు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. ఒక్కొక్కరు ఒక్కొక్క నాయికను పంచుకొంటే నెలరోజుల్లో పూర్తవుతుంది. కలహాంతరితను నేను ఉంచుకొంటున్నాను, దానిలో నాకు నలభై ఏళ్ల అనుభవం ఉన్నదని మా ఆవిడ అంటున్నది. హార్మోనియం మా ఇంట్లో ఉన్నది, ఒక మెట్టు పలకదు, బాగుచేయిస్తాను.