ఆరేళ్ల పట్టా, కానరాని పోస్టు

భారత ఫార్మసీ కౌన్సిల్ 2008లో ఫార్మ్-డి కోర్సును ప్రవేశపెట్టింది. ఐదేళ్ల చదువు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్. అప్పుచేసి పిల్లలను ఇందులో చేర్పించిన తల్లిదండ్రులు మనలోనూ ఉన్నారు.

మందులు ఒకదానితో ఒకటి పొసగుతాయా, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మోతాదు ఎంత, రంజాన్ ఉపవాసాలలో మధుమేహ రోగి మందు వేళలు ఎలా మారాలి? వీటిని వైద్యునితో కలిసి పరిశీలించేవారే క్లినికల్ ఫార్మసిస్టులు. వారి అవసరం లేదని ఎవరనగలరు? కానీ అవసరం వేరు, మంజూరైన పోస్టు వేరు.

కాలేజీకి అనుమతినిచ్చేటప్పుడు భవనం, బోధకులు, అనుబంధంగా 300 పడకల ఆసుపత్రి ఉన్నాయా అని చూస్తారు. జిల్లాకు ఎందరు కావాలన్నది మాత్రం ఎవరూ అడగరు. 2026లో చేరిన విద్యార్థి చేతికందేది 2032లో. కనుక నేటి ఖాళీలను కాక, ఆరేళ్ల తరువాతి పడకలను, ఐసీయూలను, డయాలసిస్ కేంద్రాలను, దీర్ఘకాలిక రోగులను జిల్లాలవారీగా అంచనా వేయాలి.

ఆ అంచనాను ఏటా సవరించి ప్రకటించాలని, దానినిబట్టే సీట్లు నిర్ణయించాలని, ప్రభుత్వాసుపత్రులలో క్లినికల్ ఫార్మసిస్టు పోస్టులు మంజూరు చేయాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము కోరుతున్నాము. ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు కూడా ఒక్క ప్రశ్న అడగాలి: మా బిడ్డ ఏ ఆసుపత్రి వార్డులో, ఎవరి పర్యవేక్షణలో నేర్చుకుంటుంది?